పొగ ముందు, చప్పుడు తరవాత

హాస్టల్, పై అంతస్తు, కిటికీ పక్క మంచం
జూన్ 9

మామయ్యకి,

"ఇక్కడ నేను క్షేమం" అని మొదలుపెడితే నువ్వు కాగితం తిప్పి చూసి, "ఇది అందరూ రాసేదేగా, అసలు సంగతేంటే?" అంటావు. అసలు సంగతి ఇదీ. నాకు భయంగా ఉంది.

ఇక్కడ ఫోన్లన్నీ వార్డెన్ గారి సొరుగులో ఉంటాయి. ఆదివారం ఐదు నిమిషాలు ఇస్తారు, అదీ ఆవిడ బల్ల ముందు నిలబడి మాట్లాడాలి. తిన్నావా, జుట్టు ఊడుతోందా అని అమ్మ అడగడంతోనే ఆ ఐదు నిమిషాలూ అయిపోతాయి. ఇలాంటి మాటలు ఇంకొకరి ముందు నిలబడి చెప్పుకునేవి కావు కదా, అందుకే రాస్తున్నాను.

నిన్న కోచ్ మేడమ్ పశువైద్య కళాశాల వాళ్ళ నోటీసు తెచ్చి గోడకి అంటించారు. నా మార్కులు ఆ సీటుకి పదకొండు తక్కువని నీకు తెలుసు. ఆటల సర్టిఫికెట్ ఉంటే ఇరవై కలుస్తాయి. అది ఉందన్న ధైర్యంతోనే అమ్మ నన్ను ఈ శిక్షణకి పంపింది, నేనూ అప్పుడే డాక్టర్నైపోయినట్టు మీ కొట్లోని పిల్లికి పళ్ళు లెక్కపెట్టి వచ్చాను. ఇప్పుడేమో నోటీసులో రెండు షరతులు పెట్టారు. సెప్టెంబరులో వాళ్ళ గ్రౌండ్‌లో ట్రయల్ ఉంటుంది. వంద మీటర్లు పన్నెండు పాయింట్ ఎనిమిది సెకన్లలోపు పరిగెత్తాలి. అది నాకు పెద్ద లెక్క కాదు. రెండోదే నా ప్రాణం తీస్తోంది. సర్టిఫికెట్‌లో ఉన్న టైముకీ ట్రయల్‌లో వచ్చిన టైముకీ రెండు పాయింట్ల కంటే, అంటే సున్నా పాయింట్ రెండు సెకన్ల కంటే, ఎక్కువ తేడా ఉండకూడదట. ఉంటే ఆ సర్టిఫికెట్ దొంగదని లెక్క. ఏ కాలేజీలోనూ మూడేళ్ళపాటు ఆటల సీటుకి అడుగు పెట్టనివ్వరు.

నా సర్టిఫికెట్‌లో ఎంతుందో నీకు వేరే చెప్పాలా? స్కూళ్ళ పోటీల్లో గడియారం పట్టింది నువ్వే. పన్నెండు పాయింట్ నాలుగు. అంటే ట్రయల్‌లో నాకు పన్నెండు ఆరైనా రావాలి.

ఈ రోజు ఇక్కడ మొదటిసారి టైమ్ తీశారు. పన్నెండు ఎనిమిది. మేడమ్ గడియారం చూశారు, నా వంక చూశారు, తరవాత ఫైలు తెరిచి నా సర్టిఫికెట్ నకలు చూశారు. ఫైలు మూసి తరవాతి అమ్మాయిని పిలిచారు. ఏమైనా అనుంటే బాగుండేది.

వచ్చి నాలుగు రోజులే కదా, మంచం కొత్త, నేల కొత్త. పుంజుకుంటాను. నువ్వేమంటావు?

నీ కన్ను ఎలా ఉంది? ఈ మధ్య పేపరు పక్కకి తిప్పి చదువుతున్నావని అమ్మ అంది.

నీ
పిడుగు


గడియారాల కొట్టు, బేరాల్లేని మధ్యాహ్నం
జూన్ 17

పిడుగూ,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. రెండోసారి మీ అత్తయ్యకి వినిపించడానికి. "పిల్ల బెంగపెట్టుకుంది, అంతే" అని తేల్చేసింది. ఆవిడ తేల్చాక ఇక అప్పీలుండదు కదా.

పన్నెండు ఎనిమిదికే బెంబేలెత్తితే ఎలాగే? గ్రౌండ్ మారితే కాళ్ళకి నేల అలవాటు కావద్దూ? నీకు మొదటి నుంచీ ఒక రోగం ఉంది. పిస్టల్ పేలగానే తల పైకెత్తుతావు. పది అడుగులదాకా నేల వైపు చూడు. ఎదురుగాలి ఉందేమో కనుక్కున్నావా? ఆ గడియారం పట్టిన వాళ్ళెవరో! ఈ కాలంలో బటన్ నొక్కడం వచ్చిన ప్రతివాళ్ళూ టైమ్‌కీపర్లే.

నీకు ఏడేళ్ళప్పుడు నిన్ను గీత పక్కన నిలబెట్టుకుని నేర్పించాను, గుర్తుందా? వంద మీటర్ల అవతల పిస్టల్ పేలితే పొగ వెంటనే కనిపిస్తుంది, చప్పుడు నడిచి వచ్చేసరికి మూడు పాయింట్లు ఆలస్యం. పొగ చూసి నొక్కినవాడు టైమ్‌కీపరు, చప్పుడు విని నొక్కినవాడు ప్రేక్షకుడు. నీ చేతికో పాత స్టాప్‌వాచ్ ఇచ్చి, పొగ కనపడగానే నీ భుజం నొక్కేవాణ్ణి. నువ్వు "ఇంకా వినపళ్ళేదుగా మామయ్యా!" అని పోట్లాడేదానివి. ముప్పై ఏళ్ళ నుంచి ఈ ఊరి పిల్లల టైములు ఈ బొటనవేలి మీదుగానే వెళ్ళాయి.

కన్ను బాగానే ఉంది. మీ అమ్మకి పనిలేదు. నిన్న ఒకావిడ చిన్న చేతి గడియారం తెచ్చింది, దాని స్క్రూలు ఆవగింజల్లో సగం ఉన్నాయి. పార్టులు దొరకవమ్మా అని తిప్పి పంపేశాను. ఆ రకాలు ఇప్పుడు రావడం లేదులే.

మొన్న పొద్దున నడకకి వెళ్ళి మన గ్రౌండ్‌లో టేపుతో వంద మీటర్లూ కొలిచాను. ఊరికే, కాలక్షేపానికి. సరిగ్గా వందే ఉంది.

మన పిల్లి అలారం కాలు పూర్తిగా బాగైంది. ఆ రోజు డాక్టరు కట్టు కడుతుంటే దాన్ని కదలనివ్వకుండా పట్టుకున్నదానివి నువ్వేనని దానికి గుర్తే లేదు, కృతజ్ఞత లేని జీవి. బీరువా మీద ఎక్కి కూర్చుని నన్నే అజమాయిషీ చేస్తోంది.

బాగా తిను. భయపడకు.

మామయ్య


హాస్టల్
జులై 21

మామయ్యకి,

భయపడకు అని రాశావు. రాసినంత తేలిక కాదు.

ఈ ఐదు వారాల్లో మేడమ్ నా టైమ్ పదకొండుసార్లు తీశారు. తల దించుకునే పరిగెత్తాను, నువ్వు చెప్పినట్టే. పన్నెండు ఏడు వస్తోంది. ఎప్పుడైనా పన్నెండు ఎనిమిది. ఆరు ఒక్కసారంటే ఒక్కసారి కూడా రాలేదు. పొగ చూసే నొక్కుతున్నారు, మేడమ్‌కి బటన్ నొక్కడం వచ్చు. నేను కనిపెట్టి చూశాను.

నా పక్క మంచం అమ్మాయిని మేమంతా కొంగ అంటాం, కాళ్ళు అంత పొడుగు. పోయిన వారం వేరే కాలేజీ ట్రయల్‌కి వెళ్ళింది. నాలుగు పాయింట్లు తేడా వచ్చిందట. వాళ్ళ స్కూల్లో ఎవరో టైమ్ తగ్గించి రాశారట, తనకేం తెలియదంటుంది. మొన్న పొద్దున అందరం గ్రౌండ్ నుంచి వచ్చేసరికి పెట్టె సర్దుకుంటోంది. పదహారు మందిమి గదిలో ఉన్నాం, ఎవరి బూట్లు వాళ్ళం విప్పుకున్నాం. కింద గేటు దగ్గర వాళ్ళ నాన్న నిలబడి ఉన్నాడు. కూతురి పెట్టె అందుకున్నాడు గానీ దాని ముఖంలోకి చూడలేదు. వార్డెన్ గారు రిజిస్టరులో దాని పేరు కొట్టేసి, ఆ పెన్నే నాకిచ్చి హాజరు సంతకం పెట్టమన్నారు. దాని పేరు కిందే సంతకం పెట్టాను.

ఇప్పుడు ఆ మంచం ఖాళీగా ఉంది. పరుపు చుట్టేసిన ఇనప మంచం పక్కన పడుకుంటే ఏమనిపిస్తుందో నీకు రాయలేను.

కుడి తొడ వెనక కొంచెం పట్టేసింది. ఏం లేదు, నూనె రాస్తున్నాను. అమ్మకి చెప్పకు.

మామయ్యా, ఒక మాట అడుగుతాను, కోప్పడకు. ఆ రోజు పోటీల్లో నీకు పొగ బాగా కనిపించిందా? ఎండ ఎదురుగా ఉంది కదా, అందుకని అడుగుతున్నాను. నువ్వు ఏం చెప్పినా నాకు ఫరవాలేదు. నిజంగా ఫరవాలేదు.

పిడుగు


గడియారాల కొట్టు
జులై 30

పిడుగూ,

కనిపించింది.

ముప్పై ఏళ్ళలో ఒక్క పీటీ మాస్టారు నన్ను ఆ మాట అడగలేదు. నా చేతుల్లో పెరిగినదానివి నువ్వు అడిగావు. సరే, అడిగావు కాబట్టి చెప్పాను.

టైమ్ రానప్పుడు గడియారాన్ని అనడం కాదు, కష్టపడాలి. ఆ కొంగ సంగతి వేరు, నీ సంగతి వేరు.

కాలేజీ వాళ్ళ దగ్గర నుంచి నాకూ ఒక కాగితం వచ్చింది. ట్రయల్‌కి వచ్చే పిల్లలందరి టైమ్‌కీపర్లకీ పంపుతున్నారట. నీ టైమ్ పన్నెండు నాలుగేనని, నేనే స్వయంగా గడియారం పట్టానని, అభ్యర్థికి నేనేమవుతానో రాసి, కింద సంతకం పెట్టి పంపాలి. పంపుతాను.

తొడకి వేడినీళ్ళ కాపడం పెట్టు, నూనెతో పోదు.

మామయ్య


హాస్టల్
ఆగస్టు 11

మామయ్యకి,

సరే.

మేడమ్ నన్ను డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళారు. తొడ కండరంలో చిన్న చీలిక ఉందట. ఆరు వారాలు పరుగు మానేస్తే అతుక్కుంటుంది. మానకపోతే పూర్తిగా తెగొచ్చు, తెగితే మళ్ళీ ఈ జన్మలో పరుగు లేదన్నారు. ట్రయల్‌కి ఐదు వారాలే ఉంది. మేడమ్ ఈ ఏడు వద్దన్నారు. నేను ఒప్పుకోలేదు. ట్రయల్‌కి రాకపోయినా తప్పించుకున్నట్టే లెక్కట, నోటీసులో చిన్న అక్షరాల్లో ఉంది.

కట్టు బిగించి పరిగెత్తుతున్నాను. నిన్న డెబ్భై మీటర్ల దగ్గర కాలు నాది కాదనిపించింది. అయినా ఆపలేదు. పన్నెండు ఆరు రావాలి. వస్తుంది.

నువ్వు పంపిన కాగితం వాళ్ళకి అందే ఉంటుంది. మన ఇద్దరి సంతకాలూ ఒకే ఫైల్లో ఉంటాయి. అందుకే ఎలాగైనా తేవాలి.

అమ్మకి ఏమీ చెప్పొద్దు. నామీద ఒట్టు.

పిడుగు


గడియారాల కొట్టు, షట్టరు సగం దించి
ఆగస్టు 19

తల్లీ,

ముందు ఈ ఉత్తరం కింద పెట్టి కాలికున్న ఆ కట్టు విప్పు. విప్పావా? పరుగు ఆపేశానని నీ మనసులో ఒక్కసారి అనుకో. ఇప్పుడు చదువు.

నాకు పొగ కనిపించలేదు.

ఆ రోజు మొదటి పరుగు చిన్నపిల్లలది. స్టార్టర్ ఎర్రకోటు అవతల గీత దగ్గర నీళ్ళలో కలిపిన రంగులా ఉంది. చెయ్యి ఎత్తాడని ఊహించుకున్నాను. పొగ కోసం చూస్తున్నాను, చూస్తూనే ఉన్నాను, ఈలోగా పిల్లలు సగం దూరం వచ్చేశారు. నా గడియారం ఇంకా సున్నా మీదే ఉంది. నా పై ప్రాణాలు పైనే పోయాయి. గడియారం మొరాయించిందని చెప్పి ఆ పరుగు మళ్ళీ పెట్టించాను. ముప్పై ఏళ్ళలో నేను ఆడిన మొదటి అబద్ధం అది, గడియారం మీద వేశాను. మళ్ళీ పెట్టినప్పుడు చప్పుడు విని నొక్కాను. ఆ తరవాత ఆరు పరుగులూ అలాగే. నీదీ అలాగే.

ఆ రోజు అందరూ రెక్కలు కట్టుకుని పరిగెత్తారని మాస్టార్లు మురిసిపోయారు. ట్రాకు పొట్టిగా గీశారేమోనని ఒకాయన హాస్యమాడాడు. ఆ మాట పట్టుకునే నేను టేపు వేసి కొలిచాను, పొట్టిగా ఉంటే బాగుండునని దేవుడికి మొక్కుకుంటూ. సరిగ్గా వంద ఉంది. అప్పటికి నువ్వు ఉత్తరం రాసేశావు.

ఎందుకు దాచానంటావా? కుడి కన్ను రెండేళ్ళ నుంచి పొర కట్టింది, ఈ ఏడు ఎడమదీ మసకేసింది. గడియారాలు బాగుచేసేవాడికి కన్ను పోయిందంటే ఇంకెవరు కొట్టు మెట్లెక్కుతారు? భూతద్దం కింద స్క్రూలు నేను వేలితో తడిమి బిగిస్తున్నానని మీ అత్తయ్యకి కూడా తెలియదు. చిన్న గడియారాలన్నీ పార్టులు లేవని తిప్పి పంపేస్తున్నాను. ఆపరేషన్ చేయించుకుంటే కొట్టు మూయాలి, మూస్తే ఎందుకని అడుగుతారు. ఇదీ నా భయం. ఇది రాస్తుంటే ఎంత చిన్నగా కనిపిస్తోందో తెలుసా? నీ కాలు తెగొచ్చు అన్న మాట పక్కన పెట్టి చూస్తే సిగ్గుతో చచ్చిపోతున్నాను.

నువ్వు లెక్క వేసుకునే ఉంటావు. నేను పొగ చూసి నొక్కి ఉంటే నీ సర్టిఫికెట్‌లో పన్నెండు ఏడు ఉండేది. నువ్వు రోజూ పరిగెత్తేది అంతే. ఏ గొడవా లేకుండా నీకు సీటు వచ్చేది. నేను నీకు మంచి టైమ్ ఇవ్వలేదే పిడుగూ, నీ మెడకి ఉరి తగిలించాను. పైగా నువ్వు అడిగితే నీమీదే అరిచాను.

కాలేజీ వాళ్ళ కాగితం నేను పంపలేదు. పంపుతానని రాశాను గానీ అది సొరుగులోనే ఉంది, ప్రతిరోజూ తీయడం, మళ్ళీ పెట్టడం. ఈ పొద్దున దాని వెనక జరిగిందంతా రాసి, ఏడు పరుగులూ తప్పేనని, పిల్లల తప్పు లేదని, అభ్యర్థి నా మేనకోడలని, నా కన్ను సంగతితో సహా రిజిస్టరు చేసి పంపేశాను. అది పంపి వచ్చాకే నీకు రాస్తున్నాను. ముందు నీకు రాస్తే నువ్వు వద్దంటావు, నేను ఆగిపోతాను. నా సంగతి నాకు తెలుసు.

వాళ్ళేం చేస్తారో తెలియదు. నాకు చాలా భయంగా ఉంది. నువ్వు మాత్రం పరిగెత్తకు.

మామయ్య


హాస్టల్, భోజనాల గది చివరి బల్ల
ఆగస్టు 27

మామయ్యకి,

కట్టు విప్పాను.

ఇప్పుడు నేను చెప్పాల్సింది ఉంది. నాకు ముందే తెలుసు.

ఆ రోజు నా పరుగయ్యాక నీ పక్కకి వచ్చి నిలబడ్డాను, గుర్తుందా? నీళ్ళ సీసా ఇచ్చి భుజం తట్టావు. తరవాత సీనియర్ అబ్బాయిల పరుగు. అలవాటుకొద్దీ నేనూ అవతలి గీత వైపు చూశాను. తెల్లగా పొగ లేచింది. నీ బొటనవేలు కదల్లేదు. చప్పుడు వచ్చింది, అప్పుడు కదిలింది. నువ్వు తల కొంచెం పక్కకి వంచి ఉన్నావు, తలుపు అవతల ఎవరైనా ఉన్నారేమోనని వినేవాళ్ళలాగా.

నిన్ను పిలవబోయాను. అదే సమయానికి బల్ల దగ్గర మాస్టారు మైకులో నా పేరు చదివి, పన్నెండు పాయింట్ నాలుగు అన్నారు. అందరూ చప్పట్లు కొట్టారు. అమ్మ పైట చెంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడుస్తోంది. నేను నోరు మూసుకుని వెళ్ళి సర్టిఫికెట్ తీసుకున్నాను.

నీ కోసం అని చెప్పుకున్నాను, నువ్వు పరువు పోగొట్టుకుంటావని. అది నిజమే. కానీ మొత్తం నిజం కాదు మామయ్యా. ఆ నాలుగు నాకు నచ్చింది. రెండు రోజులు ఆ కాగితం దిండు కింద పెట్టుకుని పడుకున్నాను. షరతు సంగతి తెలిసేసరికి దరఖాస్తు ఫైలు కాలేజీకి వెళ్ళిపోయింది.

పొగ కనిపించిందా అని అడిగింది నీకు దారి ఇద్దామనే. నువ్వు కనిపించిందని రాశాక, ఇక కాలితో తేవడం తప్ప వేరే మార్గం లేదనుకున్నాను. మనిద్దరం నాలుగు నెలలుగా ఒకే దొంగతనానికి ఒకరికి తెలియకుండా ఒకరం కాపలా కాస్తున్నాం.

నీ ఉత్తరం వాళ్ళకి అందింది. నిన్న మేడమ్‌ని పిలిపించారు. నా సర్టిఫికెట్ పక్కన పెట్టారట. వచ్చే శుక్రవారం నేను కాలేజీ ఆఫీసుకి వెళ్ళి ముగ్గురి ముందు కూర్చోవాలి. నీ మాట నమ్మితే టైమ్ పన్నెండు ఏడుగా దిద్ది, కాలు బాగయ్యాక విడిగా ట్రయల్ పెడతారట. సీటు పోదు. కానీ ఒక్క ప్రశ్న అడుగుతారు, మేడమ్ ముందే చెప్పారు. "టైమ్ తప్పని నీకు ముందే తెలుసా?" తెలియదంటే అంతా సర్దుకుంటుంది. తెలుసంటే నేనూ కలిసి చేసినట్టే.

మేడమ్‌కి తెలియదు. అమ్మకి తెలియదు. నీకే చెబుతున్నాను. ఏం చెప్పను మామయ్యా?

పిడుగు


గడియారాల కొట్టు
సెప్టెంబరు 4, రాత్రి బస్సు కదలబోతోంది

పిడుగూ,

పోస్టులో వేస్తే అందదని బస్సు డ్రైవరు చేతికిస్తున్నాను. ఫోను చేద్దామంటే వార్డెన్ ముందు ఈ మాట అనలేను.

తెలియదని చెప్పు.

నీకు పాఠం చెప్పే అర్హత నాకు లేదు, బతిమాలుకుంటున్నాను. తప్పు చేసింది నేను. రాతపూర్వకంగా ఒప్పుకున్నాను. టైమ్‌కీపర్ బ్యాడ్జి నిన్ననే స్కూల్లో ఇచ్చేశాను, సంతకం పెట్టించుకుని మరీ తీసుకున్నారు. సంగతి ఊళ్ళో పాకిపోయింది. పొద్దున ఒకాయన వచ్చి, బాగుచెయ్యమని ఇచ్చిన గోడ గడియారం చెయ్యకుండానే వెనక్కి పట్టుకుపోయాడు, మేనకోడలికి బాగా పట్టావటగా టైమ్ అని నవ్వాడు. పడ్డాను. పడతాను. ఇదంతా నీ సీటు నిలబడాలనే కదా. అదీ పోతే నేను ఒప్పుకున్నది దేనికి?

ఒక్క ముక్క. తెలియదు అను. ముగ్గురిలో ఎవరి కళ్ళలోకీ చూడకు, బల్ల వైపు చూసి చెప్పు. ఆ రోజు నువ్వు చూసింది నీకూ నాకూ తప్ప ఎవరికీ తెలియదు. ఈ ఉత్తరం చదివి చింపెయ్యి.

డ్రైవరు హారన్ కొడుతున్నాడు.

మామయ్య


హాస్టల్
సెప్టెంబరు 5

మామయ్యకి,

నీ ఉత్తరం అందింది. కాలేజీకి బయల్దేరే ముందే గేటు దగ్గర ఇచ్చారు. చదివే వెళ్ళాను. ఇది ముందు చెప్పాలి, అందలేదని నువ్వు సర్దిచెప్పుకోకూడదు.

చిన్న గది. బీరువాల నిండా ఫైళ్ళు, ఒక ఫ్యాను, దాని గాలికి కాగితాలు ఎగరకుండా పరుగుపందెం కప్పు ఒకటి బరువుకి పెట్టారు. దాని కింద నా సర్టిఫికెట్ ఉంది, నీ ఉత్తరం పిన్ను కొట్టి ఉంది. నీ అక్షరాలు అంత పెద్దవి అయ్యాయని నేను అప్పటిదాకా గమనించలేదు. గీతలు దాటి పోతున్నాయి.

మధ్యలో ఉన్నావిడ కాలెలా ఉందని అడిగింది. ఎడం పక్కాయన, "మీ మామయ్యగారు నిజాయితీపరుడమ్మా, ఎవరూ నిలదీయకుండానే రాశారు" అన్నాడు. అప్పటిదాకా తెలియదనే చెబుదామనుకున్నాను. నిజం. బల్ల వైపు చూసి చెప్పడం దారిలో రెండుసార్లు ప్రాక్టీసు కూడా చేశాను.

తరవాత ఆవిడ అడిగింది, "నీకు ముందే తెలుసా?"

బల్ల వైపే చూశాను, నువ్వు చెప్పినట్టు. బల్ల మీద నీ ఉత్తరం ఉంది. "పిల్లల తప్పు లేదు" అన్న లైను పైకే కనిపిస్తోంది. దాన్ని చదువుతూ తెలియదని ఎలా అనను మామయ్యా? తెలుసండీ అన్నాను. ఎలా తెలుసన్నారు. చెప్పాను. పొగ, బొటనవేలు, దిండు కింద కాగితం, అన్నీ. ఆయన పెన్ను మూత పెట్టేశాడు.

బయట బెంచీ మీద గంట కూర్చోబెట్టారు. ఆ గంటలో కొంగ నాన్న ముఖమే కళ్ళ ముందు ఆడింది.

ఆటల మార్కులు తీసేశారు. ఈ ఏడు సీటు లేదు. మూడేళ్ళ నిషేధం ఒక ఏడాది చేశారు, నీ ఉత్తరం ట్రయల్‌కి ముందే వచ్చినందుకు. మిగతా ఆరు పరుగుల పిల్లల స్కూళ్ళకీ టైములు దిద్దమని రాస్తారట. వాళ్ళు మన ఇంటి ముందు నుంచి వెళ్ళేటప్పుడు ఎలా చూస్తారో తెలియదు. మేడమ్ బస్సులో ముందు సీట్లో కూర్చున్నారు. దిగేటప్పుడు మాత్రం నా సంచీ తనే మోశారు.

నీకు కోపం వస్తుందని తెలుసు. నువ్వు పడ్డదంతా నేను బూడిదలో పోసిన పన్నీరు చేశాననిపిస్తుంది. తిట్టు, పడతాను. కానీ మామయ్యా, తెలియదని చెప్పి సీటు తెచ్చుకుంటే, కొట్లోకి వచ్చి నీ ఎదురుగా కూర్చోగలిగేదాన్నా? నువ్వు ఒక్కడివే ఆ గోడ గడియారం వాడి నవ్వు పడుతుంటే, నేను మెళ్ళో స్టెతస్కోపు వేసుకుని అలారానికి సూది వేసేదాన్నా?

భయం పోయిందని మాత్రం అనుకోకు. అమ్మకి ఎలా చెప్పాలో ఇంకా తెలియదు. ఆదివారం ఐదు నిమిషాల్లో చెప్పే మాట కాదు, వచ్చి చెబుతాను. ఈ ఉత్తరమూ బస్సు డ్రైవరు చేతికే ఇస్తున్నాను, మంగళవారం బస్సుకి వస్తున్నాను. నువ్వు స్టాండుకి రా. నా పెట్టె అందుకుని నా ముఖంలోకి చూడు. చూస్తావు కదూ?

బుధవారం కంటి ఆసుపత్రికి వెళ్దాం. కొట్టుకి బోర్డు నేను రాసి పెడతాను, "కంటి ఆపరేషన్ వల్ల మూసి ఉంది" అని, దాచకుండా, పెద్ద అక్షరాలతో. అత్తయ్యకి నువ్వే చెప్పు, అది మాత్రం నా వల్ల కాదు.

కాలు మానేదాకా నాకు పరుగు లేదు. నీకు బ్యాడ్జి లేదు. సాయంత్రాలు ఇద్దరికీ ఖాళీయే. నీ కంటి కట్టు విప్పాక ఒకరోజు పిల్లలు ప్రాక్టీసు చేసే వేళకి గ్రౌండ్‌కి వెళ్దాం, ముగింపు గీత పక్కన నిలబడదాం. ఆ పాత స్టాప్‌వాచ్ తెచ్చుకో. కన్ను ఇంకా మసకగా ఉంటే కంగారు పడకు. నీ భుజం మీద చెయ్యి వేసి ఉంచుతాను. పొగ లేవగానే నొక్కుతాను, చప్పుడు కోసం ఆగకు.

నీ
పిడుగు